సాల్మన్ దారిలో శీలావతి: హేచరీలో తల్లి చేపల ఎంపిక ఎలా చేయాలి

చాలా హేచరీల్లో తల్లి చేపలను కంటిచూపుతోనే ఎంచుతారు. వల లాగినప్పుడు పెద్దగా, నిగనిగలాడుతూ కనిపించినవాటిని పక్కకు తీస్తారు. ఇంకొన్ని చోట్ల ఇంతకన్నా నష్టం జరుగుతుంది. పెద్దవన్నీ లారీ ఎక్కి మార్కెట్‌కు పోతాయి, మిగిలిన చిన్నవి తల్లి చేపలుగా చెరువులో ఉండిపోతాయి. అక్కడ కూడా ఎంపిక జరుగుతున్నట్టే, కాకపోతే వెనక్కి జరుగుతోంది. నాలుగైదు తరాలు గడిచాక రైతు వచ్చి "మీ సీడు (చేపపిల్ల) మునుపటిలా పెరగట్లేదండీ" అంటాడు. మేత మార్చి చూస్తారు, నీళ్లు పరీక్ష చేయిస్తారు. అసలు కారణం మాత్రం తల్లి చేపల చెరువులోనే ఉంటుంది.

దీన్ని సరిచేసుకోవడానికి పెద్ద ల్యాబ్ అక్కర్లేదు. ఎంపికకు నాలుగు చెరువులు, పోలికకు ఇంకొకటి, హాపాలు (నీటిలో కట్టే సన్న వల సంచులు), ఒక కాటా, ఒక పుస్తకం, వాటితోపాటు రెండేళ్లకో తరం చొప్పున ఓపిక పట్టగలిగితే చాలు. ఈ పద్ధతి నార్వే సాల్మన్ నుంచి వచ్చింది కాబట్టి ముందు అక్కడ ఏం చేశారో కొంచెం చెప్తాను.

1970ల మొదట్లో నార్వేలో సాల్మన్ సాగు అప్పుడప్పుడే మొదలవుతోంది. పశువుల బ్రీడింగ్‌లో పేరున్న ప్రొఫెసర్ హరాల్డ్ షేర్వోల్డ్, ఆయనతో పనిచేసిన ట్రిగ్వే యెడ్రెమ్ ఒక మాట గట్టిగా నమ్మారు: ఆవుల్లో, కోళ్లలో పనిచేసింది చేపల్లోనూ పనిచేస్తుంది. దేశంలోని 40 దాకా నదుల నుంచి గుడ్లు సేకరించి, సుండాల్సోరా అనే ఊళ్లోని కేంద్రంలో కుటుంబాలు కుటుంబాలుగా పెంచారు. ఏ పిల్ల ఏ తల్లిదండ్రులదో రాసిపెట్టారు. తరానికి 10 శాతానికి పైగా ఎదుగుదల పెరుగుతూ వచ్చింది. ఐదు తరాల తర్వాత అడవి సాల్మన్ పక్కన పెట్టి పోల్చి చూస్తే ఎదుగుదల రేటు రెట్టింపు దాటింది, కేజీ చేపకు పట్టే మేత 20 శాతం దాకా తగ్గింది.

ఆ కేంద్రాన్ని నడిపిన సంస్థ, ఆక్వాఫోర్స్క్, 1992లో భువనేశ్వర్ దగ్గర కౌసల్యాగంగలోని సీఫాతో (కేంద్ర మంచినీటి చేపల పరిశోధనా సంస్థ) కలిసి మన శీలావతి (రోహు) మీద పని మొదలుపెట్టింది. గంగ, యమున, గోమతి, సట్లెజ్, బ్రహ్మపుత్ర నదుల చేపలనూ, సీఫా సొంత చేపలనూ కలిపి పునాది వేశారు. స్వాతంత్ర్యానికి 50 ఏళ్లు నిండిన 1997లో బయటికి వచ్చిన ఆ చేపే జయంతి రోహు. తరానికి సగటున 17 శాతం మెరుగుదల. తిలాపియాలో గిఫ్ట్ రకం వచ్చింది కూడా ఈ నార్వే వాళ్ల తోడ్పాటుతోనే. 1988లో ఫిలిప్పీన్స్‌లో ఆ పని మొదలుపెట్టిన సంస్థే ఇప్పటి వరల్డ్‌ఫిష్. మన బాపట్ల నుంచి వెళ్లి 2005లో వరల్డ్ ఫుడ్ ప్రైజ్ అందుకున్న మోదడుగు విజయ్ గుప్తా గారు పనిచేసింది అక్కడే.

ఇక పనిలోకి వద్దాం.

మొదటి మెట్టు: ఏ గుణం కావాలో తేల్చుకోండి

ఒక గుణాన్ని ఎంపికకు పెట్టుకోవాలంటే నాలుగు ఉండాలి. చేపకూ చేపకూ మధ్య అందులో తేడా కనిపించాలి, ఆ తేడాలో కొంతైనా తల్లిదండ్రుల నుంచి పిల్లలకు రావాలి, దాన్ని మీరు కొలవగలగాలి, రైతుకు దానివల్ల డబ్బులు రావాలి. ఎదుగుదలకు ఈ నాలుగూ ఉన్నాయి. అందుకే నార్వేలో కూడా దాంతోనే మొదలుపెట్టారు. త్వరగా ఈడుకు వచ్చే సాల్మన్‌లో మాంసం రంగు, నాణ్యత పడిపోతాయి కాబట్టి 1980ల మొదట్లో ఆలస్యంగా ఈడుకు వచ్చే గుణాన్ని చేర్చారు. జబ్బులను తట్టుకునే శక్తి, మాంసం రంగు, కొవ్వు 1990లలో వచ్చాయి. అంటే రెండు దశాబ్దాల మీద ఒక్కొక్కటిగా చేర్చుకుంటూ వెళ్లారు.

మీరు మొదటి రెండు తరాలు ఎదుగుదల ఒక్కటే పెట్టుకోండి. జబ్బులు, పేను, రంగు, ఆకారం అన్నీ ఒకేసారి చూద్దామనుకుంటే ఒక్కోదానిలో వచ్చే లాభం పలచబడిపోతుంది. వంకర వెన్ను, పొట్టి మొప్ప మూత లాంటి లోపాలున్న చేపను మాత్రం ఎంత పెద్దదైనా తీసేయాలి.

రెండో మెట్టు: పునాది వెడల్పుగా వేయండి

మొదటి తల్లి చేపల్లో లేని గుణం తర్వాత ఎంత ఎంచినా పుట్టుకురాదు. అందుకే ఈ మెట్టు దగ్గర ఖర్చుకు వెనకాడొద్దు. సీఫా నుంచి, జాతీయ మత్స్య అభివృద్ధి మండలి బ్రూడ్ బ్యాంకు (మేలు రకం తల్లి చేపల కేంద్రం) నుంచి జయంతి పిల్ల తెచ్చుకోవచ్చు. విజయవాడలో సీఫా ప్రాంతీయ కేంద్రం ఉంది, ముందు అక్కడ అడగండి. వాటికి తోడు ఒకరితో ఒకరికి సీడు లావాదేవీలు లేని రెండు మూడు హేచరీల నుంచి పిల్ల తీసుకోండి. పక్క హేచరీ వాళ్లూ మీరూ ఒకే చోట నుంచి తల్లి చేపలు తెచ్చుకుని ఉంటే అక్కడి నుంచి తెచ్చినా ప్రయోజనం లేదు. ఎక్కడి నుంచి తెచ్చినా విడి చెరువులో కొన్ని వారాలు పెట్టి, పేను, పుండ్లు లేవని చూసుకున్నాకే మీ చేపల్లో కలపాలి.

ఇంకో జాగ్రత్త. శీలావతినీ బొచ్చెనూ (కట్ల) ఒకే గుండ్రటి తొట్టెలో ఒకేసారి గుడ్లు పెట్టిస్తే సంకర పిల్లలు పుడతాయి. వాటిలో ఒకటి తల్లి చేపగా చేరినా రక్తం కలుషితమవుతుంది. ఎంపిక కోసం పెట్టుకున్న చేపల గుడ్లు తీయించే రోజు ఆ తొట్టెలో, ఆ నీటి లైనులో ఇంకో జాతి ఉండకూడదు.

మూడో మెట్టు: ఎన్ని చేపలు?

అన్నిటికన్నా ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే. సాల్మన్ ఆడచేప కేజీ బరువుకు పెట్టే గుడ్లు వేలల్లో ఉంటాయి. శీలావతిలో కేజీకి రెండు లక్షలు దాటుతాయి. ఐదు కేజీల తల్లి ఒక్కటి పది లక్షల గుడ్లు ఇస్తుంటే వ్యాపారానికి పది తల్లులు చాలు, మగవి ఇంకా తక్కువైనా గడిచిపోతుంది. సీజన్ అంతా ఆ పదింటితోనే నడిపేస్తారు. తర్వాతి తల్లి చేపలనూ ఆ పిల్లల్లోంచే తీస్తారు.

లెక్క చూడండి. మగ, ఆడ సంఖ్యలను గుణించి, దాన్ని నాలుగుతో గుణించి, మొత్తం చేపల సంఖ్యతో భాగిస్తే వచ్చేది అసలు పనికొచ్చే సంఖ్య. రెండు మగ, పది ఆడ ఉంటే 80ని 12తో భాగించాలి, 6.7 వస్తుంది. కంటికి పన్నెండు చేపలు కనబడుతున్నా రక్తం లెక్కలో ఏడు కూడా లేవన్నమాట. ఒకటిని ఆ సంఖ్యకు రెట్టింపుతో భాగిస్తే ఒక్క తరంలో పెరిగే రక్తసంబంధం తెలుస్తుంది: ఇక్కడ 7.5 శాతం. మేనబావ, మరదలు చేసుకునే మేనరికపు పెళ్లిలో పుట్టే బిడ్డకు ఇది 6.25 శాతం. అంటే మీ చెరువులో పుట్టిన ప్రతి పిల్లా సగటున మేనరికపు బిడ్డకన్నా దగ్గరి రక్తంతో పుడుతోంది. ఇది ప్రతి తరంలోనూ పైన చేరుతూ పోతుంది. దాని ఫలితం ఎదుగుదల తగ్గడం, గుడ్లు సరిగా పొదగకపోవడం, వంకర పిల్లలు.

అదే 60 మగ, 60 ఆడ పెట్టుకుంటే ఆ సంఖ్య 120 అవుతుంది, తరానికి పెరిగేది అర శాతం లోపే. కాబట్టి లక్ష్యం 60 జతలు. మరీ కష్టమైతే 50కి దిగండి. అంతకన్నా తక్కువైతే ఈ పని మొదలుపెట్టకుండా, మెరుగుపరిచిన పిల్లను ప్రతి తరానికీ బయటి నుంచి కొనుక్కోవడమే మంచిది.

నాలుగో మెట్టు: నాలుగు గుంపులు, తిరిగే మగవి

నార్వే కంపెనీలు ప్రతి కుటుంబాన్నీ విడి ట్యాంకులో పెంచి, పిల్లలు పది గ్రాములు దాటాక పొట్టలోకి బియ్యపు గింజంత చిప్పు ఎక్కిస్తాయి. రీడర్ దగ్గర పెడితే నంబరు పలుకుతుంది, ఆ నంబరు వెనక తల్లి, తండ్రి, తాతల చరిత్ర మొత్తం ఉంటుంది. జయంతిలోనూ ఇలాంటి చిప్పులే వాడారు. మీకు స్తోమత ఉంటే ఇదే చేయండి. లేకపోతే కింద చెప్పిన పద్ధతి చాలు.

60 జతలను 15 జతల చొప్పున నాలుగు గుంపులుగా విడదీయండి. పేర్లు ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఆడచేపలు ఎప్పుడూ తమ గుంపులోనే ఉంటాయి, పిల్లలు తల్లి గుంపుకే చెందుతాయి. మారేది మగవి. మొదటి తరంలో ఒకటో గుంపు మగవి రెండో గుంపు ఆడవాటికి, రెండోవి మూడుకు, మూడోవి నాలుగుకు, నాలుగోవి ఒకటికి. రెండో తరంలో ఒక గుంపు దాటేసి వెళ్లండి: ఒకటోవి మూడుకు, రెండోవి నాలుగుకు, మూడోవి ఒకటికి, నాలుగోవి రెండుకు. మూడో తరంలో మళ్లీ మొదటి వరస. ఇలా తిప్పితే చిప్పు లేకుండానే అన్నాచెల్లెళ్ల జతలు తప్పుతాయి. మొదటి రెండు తరాల్లో దగ్గరి చుట్టరికమే పడదు.

ఒక్కో జతకూ ఒక్కో హాపా. మామూలుగా ఇచ్చే హార్మోన్ ఇంజెక్షనే ఇవ్వండి, కానీ జత కట్టే ముందు ప్రతి చేపనూ చేత్తో చూడండి. మగచేప మొప్పల పక్క రెక్కను పైవైపు వేలితో రాస్తే గరుకుగా తగులుతుంది, పొట్ట మెల్లగా నొక్కితే పాలు (వీర్యం) వస్తాయి. ఆడచేప రెక్క నున్నగా ఉంటుంది, పొట్ట ఉబ్బి మెత్తగా, గుడ్ల రంధ్రం గులాబీ రంగులో వాచినట్టు ఉంటుంది. సిద్ధంగా లేని చేపకు బలవంతంగా ఇంజెక్షన్ వేస్తే ఆ జత పిల్లలు రాక గుంపులో ఒక కుటుంబం పోతుంది. అందుకే ప్రతి గుంపులో రెండు మూడు జతలు అదనంగా ఉంచుకోవాలి.

గుంపులోని 15 జతలకూ నాలుగైదు రోజుల తేడాలోనే గుడ్లు పెట్టించాలి. ఫ్రై (చిన్న పిల్ల) సైజుకు వచ్చాక ప్రతి హాపా నుంచి ఒకే సంఖ్యలో పిల్లలను లెక్కపెట్టి తీసి, ఆ గుంపు చెరువులో కలపండి. హాపాకు 100 అనుకుంటే గుంపుకు 1500. ఒక జతకు పిల్లలు బాగా వచ్చాయని దానివే ఎక్కువ వేయొద్దు. ఈ సమాన పంపకం ఒక్కటే మీ రక్తం లెక్కను చాలా వరకు కాపాడుతుంది.

ఐదో మెట్టు: గుంపులో అందరికీ ఒకే చెరువు, ఒకే మేత

పెద్ద చేప పెద్దగా ఉండటానికి కారణం రక్తమే కానక్కర్లేదు. నాలుగు రోజులు ముందు పుట్టి ఉండొచ్చు. ముందు పుట్టిన పిల్ల ప్లాంక్టన్ (నీటిలో తేలే సూక్ష్మజీవులు) బాగా తిని, తర్వాత మేత దగ్గర మిగతావాటిని తోసేస్తుంది. మీరు దాన్ని ఎంచితే ఎంచింది పుట్టినరోజును మాత్రమే. అందుకే గుడ్లు దగ్గర దగ్గర రోజుల్లో పెట్టించమన్నది.

మధ్యలో గ్రేడింగ్, అంటే సైజుల వారీగా విడదీయడం, చేయకండి. అమ్మకానికి పెంచే పిల్లల్లో అది మంచిదే కానీ ఇక్కడ పోలికను చెడగొడుతుంది. అలాగే మన కొల్లేరు వైపు అలవాటైన జీరో పాయింట్ పద్ధతి, అంటే పిల్లలను కిక్కిరిసేలా వేసి ఏడాది దాకా ఎదగనివ్వకుండా ఆపి తర్వాత వదలడం, ఎంపిక చెరువులో వద్దు. ఆపి వదిలిన చేప ఒక్కసారిగా పుంజుకుంటుంది. ఆ ఊపులో ఏది ఎదిగే రక్తమో, ఏది ఆకలి తీర్చుకుంటున్నదో విడదీయలేరు.

నాలుగు గుంపులూ నాలుగు చెరువుల్లో ఉంటే ఒక చెరువు నీళ్లు బాగుండి అక్కడి చేపలు పెద్దవి కావచ్చు. దానికి టెన్షన్ పడక్కర్లేదు. మనం ఏ గుంపులో మేలైనవి ఆ గుంపులోంచే తీస్తాం, ఒక గుంపును ఇంకో గుంపుతో పోల్చం. ఈ పద్ధతిలో నాకు అన్నిటికన్నా నచ్చేది ఇదే, మన చెరువులు ఎలాగూ ఒకదానిలా ఒకటి ఉండవు.

ఆరో మెట్టు: తూకం

చేపలు సగటున కేజీకి దగ్గరయ్యాక తూకం వేయండి. ముందు రోజు మేత ఆపాలి, లేకపోతే తిన్న మేతను కూడా తూస్తారు. తెల్లవారుజామునే వల లాగి, ఎండెక్కేలోపు ముగించాలి. కాటా మీద తడిపిన స్పాంజి పరచి సున్నా చేసుకోండి. ఒకరు చేపను పెట్టాలి, ఒకరు చదవాలి, ఒకరు రాయాలి. చదివేవాళ్లే రాస్తే వందో చేప దగ్గరికి వచ్చేసరికి అంకెలు తారుమారవుతాయి.

పుస్తకంలో గుంపు, తేదీ, బరువు, ఆడా మగా, లోపాలు. ఇంతే. ఈడుకు వచ్చాక ఆడా మగా ఒకేలా పెరగవు కాబట్టి రెండింటి సగటూ వేరుగా తీసి, ఆడవాటిని ఆడవాటితో, మగవాటిని మగవాటితోనే పోల్చాలి. ఇంత చిన్న వయసులో తేడా తెలియకపోతే మేలైన చేపలను మూడింతలు ఎక్కువగా పక్కకు తీసి ఉంచి, ఈడుకు వచ్చాక విడదీసుకోవచ్చు.

ఏడో మెట్టు: ఎంచడం

ఆశ ఎంత పెట్టుకోవాలో చెప్పే లెక్క ఇది. గుంపు సగటు 800 గ్రాములు, మీరు ఎంచినవాటి సగటు 1100 గ్రాములు అనుకోండి. తేడా 300. ఎదుగుదలలో వారసత్వంగా దిగే వంతు మూడో వంతుకు కాస్త తక్కువ, 0.3 అని పెట్టుకుంటే వచ్చే తరంలో సగటు 90 గ్రాములు పెరగాలి. 1100 గ్రాముల తల్లిదండ్రులకు 1100 గ్రాముల పిల్లలు పుడతాయనుకుంటే నిరాశపడతారు. మిగతా 210 గ్రాములూ మేతవీ, నీటివీ, అదృష్టానివీ.

చిప్పులు ఉంటే ఒక్కో జత పిల్లల్లోంచి రెండు మూడుకు మించి తీసుకోకండి, ఎంత బాగున్నా సరే. చిప్పులు లేకపోతే పైనున్న 30 మాత్రమే తీయకుండా, పైనున్న వంద చేపల్లోంచి చూడకుండా 30 తీయండి. పైనున్నవన్నీ ఒకటి రెండు జతల పిల్లలే అయ్యే ప్రమాదం అలా తగ్గుతుంది. లాభం కొంచెం తగ్గుతుంది కానీ పదో తరానికి కూడా మీకు ఎంచుకోవడానికి ఏదో ఒకటి మిగిలి ఉంటుంది. ఎంచిన చేపలకైనా చిప్పు వేయించడం మంచిది, 120 చేపలకు అది మోయలేని ఖర్చేమీ కాదు.

జబ్బుల విషయంలో సాల్మన్ వాళ్ల దారి తెలుసుకోవాలి. తల్లి కాబోయే చేపకు జబ్బు ఎక్కించి చూడలేరు కదా. అందుకని దాని తోబుట్టువులను వేరే ల్యాబ్‌కు పంపి, వాటికి జబ్బు ఎక్కించి ఎన్ని బతుకుతాయో చూస్తారు. మాంసం రంగు, కొవ్వు కూడా కోసిన తోబుట్టువుల్లోనే కొలుస్తారు. ఏ కుటుంబం గట్టిదో తేలాక ఆ కుటుంబంలో బతికున్న చేపను ఎంచుతారు. తర్వాత ఒక అడుగు ముందుకు పడింది. ఐపీఎన్ అనే వైరస్ జబ్బును తట్టుకోవడం చాలా వరకు జన్యుపటంలోని ఒక్క చోటు మీద ఆధారపడి ఉందని 2000ల చివర్లో తేలింది. ఆ గుర్తు ఉన్న తల్లిదండ్రుల గుడ్లు మార్కెట్‌లోకి వచ్చాక నార్వేలో ఆ జబ్బు కేసులు బాగా పడిపోయాయి. శీలావతిలోనూ ఏరోమోనాస్ బ్యాక్టీరియాను తట్టుకునే వరస కోసం సీఫా పనిచేసింది. హేచరీలో సొంతంగా జబ్బు ఎక్కించే ప్రయత్నం మాత్రం చేయకండి, పక్క చెరువులకు పాకుతుంది. పేను, పుండ్లు వచ్చినప్పుడు ఏ గుంపులో ఎన్ని చేపలకు వచ్చాయో రాసుకుంటే చాలు.

ఎనిమిదో మెట్టు: నిజంగా మెరుగైందా?

రెండో తరం చేపలు మొదటి తరంకన్నా పెద్దగా ఉన్నాయంటే అది ఎంపిక వల్లే అనుకోవడానికి లేదు. ఆ ఏడాది వానలు బాగా పడి ఉండొచ్చు, మేత మారి ఉండొచ్చు. అందుకే ఒక చిన్న గుంపును ఏ ఎంపికా లేకుండా, కళ్లు మూసుకుని తీసిన చేపలతో తరం తరానికీ నడపాలి. ఎంచిన గుంపు పిల్లలనూ వీటి పిల్లలనూ రెక్క కొస కత్తిరించి గుర్తు పెట్టి, సగం సగం ఒకే చెరువులో పెంచి తూచండి. రెండు రకాలకూ గుర్తు ఉండాలి, ఒకదానికి ఎడమ కడుపు రెక్క, ఇంకోదానికి కుడిది. ఒక్కదానికే కత్తిరిస్తే ఆ గాయం వల్ల వచ్చే తేడా కూడా లెక్కలోకి వస్తుంది. రెక్క మళ్లీ మొలుస్తుంది కాబట్టి రెండు నెలలకోసారి చూసుకుంటూ ఉండాలి.

ఈ పోలిక చెరువు దండగ అనిపిస్తుంది. కానీ రైతుకు "మా సీడు ఇంత ఎక్కువ పెరుగుతుంది" అని చెప్పడానికి మీ చేతిలో ఉండే ఒకే ఒక రుజువు అది.

తొమ్మిదో మెట్టు: బయటికి పోకుండా, అమ్మకానికి వేరుగా

నార్వేలో వలల నుంచి తప్పించుకున్న పెంపుడు సాల్మన్ నదుల్లోకి ఎక్కి అడవి చేపలతో కలిసింది. చాలా నదుల్లోని అడవి సాల్మన్‌లో ఇప్పుడు పెంపుడు రక్తం కనబడుతోంది. ఎదుగుదలకు ఎంచిన చేప నదిలో బతకడానికి ఎంచింది కాదు, ఆ కలయిక అడవి చేపనే బలహీనపరుస్తుంది. మనకు వరదలు ఎక్కువ. ఎంపిక చెరువుల గట్లు ఎత్తుగా, తూములకు సన్న జాలీ రెండు వరసలు ఉండేలా చూసుకోండి. వయసు మళ్లిన తల్లి చేపలను కాలువలో వదలొద్దు.

అమ్మే స్పాన్ (అప్పుడే పొదిగిన పిల్ల) కోసం ఈ 120 చేపలను వాడకండి. వీటి పిల్లల్లో మిగిలిన మంచివాటిని వేరే చెరువులో తల్లి చేపలుగా పెంచి, వ్యాపారం వాటితో నడపండి. అప్పుడు సీజన్ ఒత్తిడిలో ఎవరైనా తొందరపడి గుంపులు కలిపేసినా అసలు వరస చెడదు. మీ దగ్గర సీడు కొనేవాళ్లలో ఇంకో హేచరీ వాళ్లు ఉంటే ఏ గుంపు, ఏ తరం అన్నది బిల్లు మీద రాసి ఇవ్వండి. అదే గుంపు పిల్లను రెండేళ్ల తర్వాత మళ్లీ కొని సొంత చేపలతోనే జత కట్టకుండా వాళ్లూ చూసుకుంటారు.